బస్తాకూ లారీకీ మధ్య కన్వేయర్: ఏ పని తగ్గుతుంది, ఏది తగ్గదు

యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాలకు చేరే ఏప్రిల్, మే నెలల్లో కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల, హన్మకొండ జిల్లాల్లో ఏ ఊరికి పోయినా ఒకటే గోడు వినబడుతుంది. తూకమైన బస్తాలు కేంద్రంలో లారీ కోసం చూస్తుంటాయి. లారీలేమో మిల్లు గేటు ముందు నిండు లోడుతో నిలబడి ఉంటాయి. హమాలీలు దొరకడం లేదని మిల్లరు అంటాడు. లారీలు రావడం లేదని కేంద్రం వాళ్లు అంటారు. మబ్బు పట్టిందంటే టార్పాలిన్ల కోసం పరుగెత్తేది మాత్రం రైతు. ఈ చిక్కుకు కొందరు చెప్పే పరిష్కారం ఒక్క మాటలో అయిపోతుంది: కన్వేయర్ పెట్టుకోండి, బస్తాలు వాటంతటవే లారీ ఎక్కుతాయి, దిగుతాయి.

కన్వేయర్ రావాలనే నా కోరిక కూడా. మే ఎండలో బస్తా తల మీద పెట్టుకుని, వాలుగా వేసిన బల్ల మీదుగా లారీ ఎక్కే మనిషిని ఒక్కసారి దగ్గర్నుంచి చూస్తే ఇంకో అభిప్రాయం రాదు. కానీ కన్వేయర్ అనే పేరు కింద ఒకదానితో ఒకటి పోలిక లేని యంత్రాలు చాలా ఉన్నాయి. ఆలస్యం అనే మాట కింద కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి. ఏ యంత్రం ఏ కారణాన్ని తీరుస్తుందో విడదీసి చూడకుండా కొన్న యంత్రం ఒక సీజన్ తిరిగి, ఆ తర్వాత గోదాం మూలకు చేరుతుంది.

ఒక లారీ వెనక ఎంత పని

12 చక్రాల లారీని తీసుకుందాం. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇరుసు బరువుల పరిమితిని పెంచినప్పుడు ఈ లారీ సరుకుతో కలిపి ఉండదగ్గ మొత్తం బరువు 31 టన్నుల నుంచి 35 టన్నులకు పెరిగింది. ఖాళీ బండి బరువు తీసేస్తే సుమారు 25 టన్నుల సరుకు పడుతుంది. బియ్యమైతే 50 కిలోల బస్తాలు 500. మన కొనుగోలు కేంద్రాల్లో తూచే 40 కిలోల వడ్ల బస్తాలైతే 625. 2018లో పెరిగిన ఆ నాలుగు టన్నులను బియ్యం బస్తాల్లో చెబితే ఒక్కో లారీకి 80 బస్తాలు ఎక్కువ.

ప్రతి బస్తా వెనక మూడు పనులున్నాయి: ఎత్తడం, మోయడం, పేర్చడం. నేల మీది బస్తాను ఇద్దరు పట్టి ఒకరి తల మీదికో వీపు మీదికో ఎత్తుతారు. అతను నడిచి, బల్ల ఎక్కి, లారీలో వేసి, ఉత్త చేతులతో దిగి వస్తాడు. లారీ మీద ఉన్నవాళ్లు దాన్ని సర్ది, కుట్టు లోపలి వైపుకి తిప్పి, ఒకదాని మీద ఒకటి అడ్డం నిలువు మార్చి పేరుస్తారు. ఈ విభజన గుర్తుంచుకుంటే మిగతా వ్యాసమంతా తేలిక.

ఇక్కడ ఒక లెక్క ఆశ్చర్యం కలిగిస్తుంది. 25 టన్నుల బరువును నేల నుంచి సగటున రెండు మీటర్ల ఎత్తుకు చేర్చడానికి కావలసిన శక్తిని కరెంటు యూనిట్లలోకి మారిస్తే 0.14 యూనిట్ వస్తుంది. ఇంట్లో సీలింగ్ ఫ్యాను రెండు గంటలు తిరిగితే కాలేంత కరెంటు. మరి అంత చిన్న పనికి ఆరేడుగురు మనుషులు పూటంతా ఎందుకు అలసిపోతారు? ఎందుకంటే హమాలీ బస్తాతో పాటు తన ఒంటిని కూడా ఎత్తుకుంటాడు. అరవై కిలోల మనిషి 500 సార్లు బల్ల ఎక్కితే, 25 టన్నుల బియ్యంతో పాటు 30 టన్నుల మనిషి బరువు కూడా లారీ ఎక్కి దిగినట్టు. బరువు తల మీద ఉంచుకుని నడవడం, వాలు మీద కాలు జారకుండా పట్టు నిలుపుకోవడం, ఉత్తగా తిరిగి రావడం ఏ లెక్కలోకీ రాకుండా కండరాల్ని కరిగిస్తాయి. కన్వేయర్ బెల్టు తీసేసేది సరిగ్గా ఈ భాగాన్నే. మనిషి తన బరువు తాను మోసుకుంటూ తిరిగే ఆ రాకపోకలు ఆగిపోతాయి. యంత్రం వల్ల వచ్చే మేలులో పెద్ద వాటా ఇదే.

బస్తా బరువు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక వయోజన పురుషుడు మోయదగ్గ గరిష్ఠ బరువుగా 55 కిలోలను సిఫారసు చేసింది. దానితో పాటు వచ్చిన ఒడంబడికను భారత్ 2010లో ఆమోదించింది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో వేసిన లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేతులతో ఎత్తడానికి సిఫారసు చేసే బరువు 23 కిలోలే. మన 50 కిలోల బస్తా మొదటి గీతకు లోపల, రెండో గీతకు రెండింతలు బయట ఉంది. యూరియా బస్తా 2018లో 50 నుంచి 45 కిలోలకు తగ్గింది గానీ, అది హమాలీ నడుమును చూసి చేసింది కాదు, పొలంలో వాడకం తగ్గుతుందన్న ఆలోచనతో చేసింది. ఒకప్పటి క్వింటాల్ గోనె బస్తాలు మోసిన పెద్దవాళ్ల మెడలు, మోకాళ్లు ఇప్పటికీ ఆ బరువును చెబుతూనే ఉన్నాయి.

ఏ సరుకుకు ఏ యంత్రం

కరెంటు అక్కర్లేని రోలర్ల బాటతో మొదలుపెడదాం. వరుసగా బిగించిన ఇనుప రోలర్లను కొద్దిపాటి వాలులో పెడితే అట్టపెట్టె తన బరువుతో తానే దొర్లిపోతుంది. సాగదీసి లారీ లోపలిదాకా పరిచి, పనయ్యాక ముడిచి పక్కన పెట్టుకునే రకం కూడా ఉంది. హన్మకొండ, కరీంనగర్‌లలోని పార్శిల్ గోదాములకు, మందుల హోల్‌సేల్ దుకాణాలకు ఇది చక్కగా సరిపోతుంది. దీనికి ఒకే నియమం: పెట్టె ఎక్కడున్నా దాని కింద ఎప్పుడూ కనీసం మూడు రోలర్లుండాలి. అంటే 30 సెంటీమీటర్ల పెట్టెకు రోలర్ల మధ్య దూరం 10 సెంటీమీటర్లు మించకూడదు. గోనె బస్తాకు మాత్రం ఇది పనికిరాదు. బస్తా అడుగు మెత్తగా రోలర్ల సందుల్లోకి దిగబడి అక్కడే కూర్చుంటుంది.

రెండోది పెద్ద గోదాముల్లో కనిపించే టెలిస్కోపిక్ కన్వేయర్. ఒకదానిలో ఒకటి ఇమిడిన బెల్టు భాగాలు మూడు నాలుగు బయటికి సాగి కంటైనర్ లారీ లోపలి గోడ దాకా చేరతాయి. పార్శిళ్లు దింపే మనిషి రెండడుగులు కూడా నడవనక్కర్లేదు. కానీ దీనికి లారీ వెనక తలుపు గోదాం అరుగుకు సరిగ్గా ఆనాలి, రోజంతా లారీ తర్వాత లారీ రావాలి. మన మిల్లుల్లో, మార్కెట్ యార్డుల్లో తిరిగేవి ఎక్కువగా పైకప్పు లేని, పక్కన డాలాలు, అంటే అంచు పలకలు, తెరుచుకునే లారీలు. ఇక్కడ ఆ ఖరీదైన యంత్రానికి చోటు లేదు.

మనకు నిజంగా పనికొచ్చేది మూడో రకం: చక్రాల మీద లాక్కుపోగల వాలు బెల్టు. కొందరు బ్యాగ్ స్టాకర్ అంటారు, కొందరు లోడర్ అంటారు. ఒక కొస నేల దగ్గర, రెండో కొస లారీ మీద. పై కొసను హైడ్రాలిక్ జాకీతోనో చేతి విన్చితోనో పైకీ కిందికీ జరపొచ్చు. 3 హెచ్‌పీ మోటారు, అంటే 2.2 కిలోవాట్లు, చాలా వాటికి సరిపోతుంది. గంట తిరిగితే రెండు యూనిట్ల పైచిలుకు. పైన చెప్పిన 0.14 యూనిట్‌తో పోలిస్తే ఎక్కువే, కానీ మిగతాదంతా బెల్టు రాపిడికి, ఖాళీగా తిరగడానికి పోతుంది. కరెంటు ఖర్చు ఇక్కడ అసలు సమస్యే కాదు.

సమస్య వాలు. నున్నటి బెల్టు మీద బస్తా సుమారు 18, 20 డిగ్రీల దాకా నిలబడుతుంది. గరుకు ముఖం ఉన్న బెల్టు మీద 30 డిగ్రీల దాకా తీసుకోవచ్చు. లోడు నిండాక పై వరుస నేలకు మూడున్నర మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం, బస్తా వేసే కింది కొస అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. మధ్యలో ఎక్కాల్సింది మూడు మీటర్లు. 30 డిగ్రీల వాలైతే ఆరు మీటర్ల బెల్టు, అంటే 20 అడుగులు చాలు. 20 డిగ్రీలైతే దాదాపు తొమ్మిది మీటర్లు, అంటే 29 అడుగులు కావాలి. పొడవైన యంత్రంలో బస్తా జారదు గానీ, లారీల మధ్య ఇరుకులో అది మళ్లదు. పొట్టి యంత్రం ఎటైనా మళ్లుతుంది, ప్లాస్టిక్ సంచిని మాత్రం పైదాకా చేర్చలేక వెనక్కి జారవిడుస్తుంది. గోనె సంచికి ఉండే పట్టు ప్లాస్టిక్ నేత సంచికి ఉండదు. అమ్మేవాడు గోనె బస్తాతో చూపించి అమ్మిన యంత్రం మన యూరియా సంచితో మొరాయించడానికి కారణం చాలాసార్లు ఇదే. కాబట్టి చూసేటప్పుడు మన సంచినే తీసుకుపోయి, కాస్త తడిపి కూడా వేసి చూడాలి.

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చే మిర్చి దీనికి ఇంకో ఉదాహరణ. మిర్చి బస్తా బరువు బియ్యం బస్తాకు అటూ ఇటూగానే ఉన్నా ఆకారం ఎంతో పెద్దది. 60 సెంటీమీటర్ల బెల్టు మీద బియ్యం బస్తా కుదురుగా పడుకుంటుంది, మిర్చి బస్తా రెండు పక్కలా పొంగి అంచు రేకులకు ఒరుసుకుంటుంది. పై కొస నుంచి రెండడుగులు కింద పడిందంటే లోపల ఎండుకాయ చిట్లుతుంది, గింజ రాలుతుంది, ధర పోతుంది. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చిని కొనేవాడు కాయ నిండుదనం, రంగు చూసి కొంటాడు. అందుకని మిర్చికి వాడే బెల్టు వెడల్పుగా, నెమ్మదిగా ఉండాలి, పై కొస ఎప్పుడూ పేర్చే వరుసకు ఆనుకుని ఉండాలి. ఘాటు దుమ్ము పీల్చి దగ్గే హమాలీకి బెల్టు ఇంకో ఉపకారం కూడా చేస్తుంది: బస్తా ముఖానికి ఆనుకుని ఉండదు.

పత్తి సంగతి వేరు. జిన్నింగ్ మిల్లుకు వచ్చే విడి పత్తిని గాలితో లాగే పైపులున్నాయి. తయారైన బేలు, అంటే నొక్కి కట్టిన దూది మోపు, సుమారు 170 కిలోలు. దాన్ని బస్తాల బెల్టు మోయదు, మనిషీ మోయకూడదు. పట్టుకునే చేతులున్న ఫోర్క్‌లిఫ్ట్ దాని పని. జిన్నింగ్ మిల్లులో ఏ బెల్టు పెట్టినా ఒరుసుకుని వేడెక్కే రోలర్‌ను రోజూ చూడాలి. ఒక్క నిప్పురవ్వ గోదాం మొత్తాన్ని తినేస్తుంది.

బెల్టు పెట్టినా లాభం లేని చోట్లూ ఉన్నాయి. రైలు గూడ్స్ షెడ్డులో వ్యాగన్ తలుపుకు, ప్లాట్‌ఫాం అవతల వెనక్కి ఆనించిన లారీకి మధ్య ఎత్తు తేడా పెద్దగా ఉండదు, దూరం కొన్ని అడుగులే. 2,600 టన్నుల యూరియా రేక్, అంటే ఒక గూడ్స్ రైలు లోడు, 45 కిలోల సంచుల్లో 57 వేల పైన. ఆ అంకె చూసి యంత్రం కావాలనిపిస్తుంది. కానీ అక్కడి శ్రమంతా వ్యాగన్ రెండు మూలల నుంచి మధ్య తలుపు దాకా సంచుల్ని లాక్కురావడంలో ఉంది. వాలు బెల్టు ఆ తలుపులో దూరదు.

వేగం ఎక్కడ ఆగిపోతుంది

యంత్రం కొనేటప్పుడు అందరూ అడిగేది గంటకు ఎన్ని బస్తాలని. లెక్క సులువు. బెల్టు సెకనుకు అర మీటరు కదులుతుంది, బస్తాకూ బస్తాకూ మధ్య ఒకటిన్నర మీటర్ల ఎడం ఉంచుతారు. మూడు సెకన్లకు ఒకటి, గంటకు 1,200. మన 500 బస్తాల లారీ 25 నిమిషాల్లో నిండాలి.

నిండదు. లారీ మీద నిలబడ్డ ఇద్దరు ప్రతి మూడు సెకన్లకూ ఒక 50 కిలోల బస్తాను అందుకుని, తిప్పి, సరైన చోట పేర్చలేరు. ఆరు సెకన్లకు ఒకటి పేర్చినా అది చాలా గట్టి పని, అలా చేస్తేనే 50 నిమిషాలు. మధ్యలో పై కొసను పక్కకు జరపాలి, వరుస పెరిగినకొద్దీ ఎత్తాలి, లారీని ముందుకు తీయాలి, నీళ్లు తాగాలి. నిజానికి గంట దాటుతుంది. బెల్టు వేగం పెంచితే బస్తాలు వాళ్ల కాళ్ల దగ్గర కుప్పపడతాయి. వంగి ఎత్తాల్సిన పని మళ్లీ మొదలవుతుంది.

సిమెంట్ ఫ్యాక్టరీల్లో దీన్ని బాగా చూడొచ్చు. గుండ్రంగా తిరుగుతూ సంచులు నింపే ప్యాకర్లు గంటకు రెండు వేల సంచుల పైనే నింపుతాయి. అక్కడి నుంచి బెల్టులు వాటిని లోడర్ దాకా తెస్తాయి, లెక్కపెట్టే యంత్రం లెక్క రాస్తుంది. చివరి మూడడుగుల్లో మాత్రం చాలా చోట్ల మనుషులే పేరుస్తారు. అందుకే ఒక ప్యాకర్‌కు రెండు మూడు లోడర్లను తగిలించి సంచుల్ని పంచుతారు. రామగుండం ఎరువుల కర్మాగారం సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నులు. 45 కిలోల సంచుల్లో అది 2.8 కోట్ల సంచులు. దారిలో ఎన్ని బెల్టులున్నా ప్రతి సంచీ చివరికి ఒక వరుసలో కుదురుకోవాల్సిందే.

కాబట్టి నేను యంత్రం వేగం కంటే దాని రెండు కొసలనే ముందు చూస్తాను. కింది కొసలో నడుము ఎత్తులో ఒక బల్ల ఉందా? ఉంటే బస్తాను దాని మీదికి జరిపితే చాలు, తల దాకా ఎత్తనక్కర్లేదు. బస్తాలు నేల మీద కాకుండా మోకాలి ఎత్తు అరుగు మీద ఉంటే ఇంకా మేలు. పై కొస పేర్చేవాడి నడుముకూ ఛాతీకీ మధ్య ఎత్తులో బస్తాను అందిస్తోందా? అది అందించేలా జాకీ సులువుగా, యంత్రం ఆగకుండానే కదులుతుందా? ఈ రెండూ కుదిరితే నెమ్మదైన బెల్టు కూడా పూటకు ఎక్కువ లారీలను సాగనంపుతుంది, సాయంత్రానికి మనుషులూ కాస్త నిలబడగలుగుతారు.

దింపడం దీనికి తలకిందుల పని. బరువు దానంతటదే దిగుతుంది, ఆపడమే కష్టం. నిండు లారీలో యంత్రం దూరడానికి చోటుండదు కాబట్టి డాలా తెరిచి, పై వరుస నుంచి మొదలుపెట్టి, బెల్టును వెనక్కి తిప్పి దింపుతారు. వరుస తగ్గినకొద్దీ కొసను కిందికి దించాలి. ఎక్కించేటప్పుడు ఆదా అయ్యేంత శ్రమ దింపేటప్పుడు ఆదా కాదు, ఎందుకంటే లారీ మీంచి వీపు మీదికి తీసుకుని దిగడం ఎక్కడం కంటే ముందే కాస్త తేలిక. యంత్రం ఒక్కటే ఉంటే దాన్ని ఎక్కించే చోటే పెట్టాలంటాను.

మిల్లు గేటు ముందు లారీ ఎందుకు ఆగింది

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మిల్లుకు వచ్చిన లారీ వేబ్రిడ్జి ఎక్కాలి. తేమ చూడాలి, 17 శాతం దాటితే పేచీ మొదలు. తాలు, మట్టి ఎంతుందన్న వాదన ఉంటుంది, తరుగు ఎంత తీయాలన్న బేరం ఉంటుంది. ఆ తర్వాత లోపల చోటుండాలి. పాత సీజన్ వడ్లు ఇంకా ఆడించకుండా నిల్వ ఉంటే కొత్త బస్తాలు ఎక్కడ పెడతారు? ఇవన్నీ దాటాకే దింపే పని. లారీ రెండు రోజులు ఆగిందంటే అందులో బస్తాలు దించిన సమయం కొన్ని గంటలే. కన్వేయర్ ఆ కొన్ని గంటల్ని సగం చేయగలదు. మిగతా రోజున్నరను ముట్టుకోలేదు. మిల్లులో చోటు లేక ఆగిన లారీకి కన్వేయర్ జవాబు కాదు, మిల్లుకు కేటాయించిన వడ్ల లెక్కే జవాబు. హమాలీలు తక్కువై ఆగిన లారీకి మాత్రం అది నిజమైన జవాబు.

ఇంకా లోతుకు పోతే బస్తా దగ్గరే ఒక ప్రశ్న ఉంది. హార్వెస్టర్ నుంచి వడ్లు విడిగానే ట్రాక్టర్‌లో పడతాయి. కల్లంలో విడిగానే ఆరతాయి. అప్పుడు బస్తాల్లో నింపి, తూచి, కుట్టి, లారీ ఎక్కించి, మిల్లులో దింపి, బస్తా విప్పి మళ్లీ విడిగా గుంతలో పోస్తారు. అక్కడి నుంచి ఎలివేటర్ పైకి తీసుకుపోతుంది. మధ్యలో బస్తా ఎందుకు? మోయడానికి వీలుగా అన్నది సగం జవాబే. అసలు కారణం లెక్క. బస్తాకు 40 కిలోలు, ఈ రైతువి ఇన్ని బస్తాలు, ఈ లారీలో ఇన్ని బస్తాలు అని ట్రక్ షీటు మీద రాస్తారు. రైతుకు డబ్బు పడేది ఆ కాగితం ఆధారంగానే.

మన ప్రాంతంలో బెల్టు పూర్తిగా గెలిచిన చోటు సింగరేణి. బొగ్గు విడి సరుకు, పేర్చే పని లేదు, లెక్క మొత్తం బరువుతోనే. అందుకని తవ్విన చోటి నుంచి వ్యాగన్ దాకా బెల్టు మీదే పోగలదు. వడ్లకు కూడా టిప్పర్, గుంత, ఎలివేటర్ పద్ధతి యంత్రాల పరంగా ఈ రోజే సాధ్యం. అడ్డం తూకం. విడి వడ్లు మిల్లు వేబ్రిడ్జి దగ్గర మాత్రమే తూగితే రైతు బరువు మిల్లరు చేతిలోకి పోతుంది. తరుగు మీద ఏటా రోడ్డెక్కుతున్న రైతు దానికి ఒప్పుకోడు, ఒప్పుకోకపోవడమే సరైనది. ఆ దారిలో పోవాలంటే ముందు కొనుగోలు కేంద్రానికి దగ్గర్లో ప్రభుత్వ వేబ్రిడ్జి ఉండాలి, తేమ కూడా అక్కడే తేలిపోవాలి. అది లేనన్నాళ్లు బస్తానే రైతుకు రక్షణ.

చేయి పోయే చోట్లు

ఈ యంత్రాలు చూడ్డానికి నెమ్మదిగా తిరుగుతాయి, అందుకే భయం పోతుంది. బెల్టు డ్రమ్ము మీదికి ఎక్కే సందు దగ్గర తువ్వాలు కొస, చీర కొంగు, చేతి వేలు ఏది దొరికినా లోపలికి లాక్కుంటుంది. తిరిగే భాగాలకు కంచె ఉండాలన్న నియమం 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్నదే. దుమ్ము శుభ్రం చేయడానికని తీసిన రేకు మళ్లీ బిగించకుండా నడిపే అలవాటే ప్రమాదాలకు మొదటి కారణం. యంత్రం పొడవునా ఒక ఎర్ర తాడు ఉండాలి, ఎక్కడ లాగినా ఆగిపోవాలి. కరెంటు పోయినప్పుడు నిండు బెల్టు వెనక్కి తిరగకుండా ఆపే ఏర్పాటు గేర్‌బాక్స్‌లో ఉందో లేదో అడిగి తెలుసుకోవడమే కాదు, స్విచ్ తీయించి చూడాలి.

అన్నింటికంటే నాకు భయం కలిగించేది పైకెత్తిన కొస. దాన్ని అలాగే ఉంచి యార్డులో ఒక లారీ దగ్గర్నుంచి ఇంకో లారీకి తోసుకుపోతారు. పైన 11 కేవీ కరెంటు తీగలుంటే, నెడుతున్న నలుగురి చేతులూ ఆ ఇనుముకే ఆనుకుని ఉంటాయి. కొస పూర్తిగా దించనిదే యంత్రం అంగుళం కూడా కదలకూడదు. కొనుగోలు కేంద్రాలు బడి ఆవరణల్లో, రోడ్డు పక్క ఖాళీ జాగాల్లో ఉంటాయి. అక్కడ త్రీఫేజ్ ఉండదు, ఉన్నా లారీ చక్రాల కింద నలిగే వైరు మీద ఆధారపడతారు. సింగిల్ ఫేజ్ మోటారో చిన్న డీజిల్ ఇంజినో ఉన్న యంత్రం, మంచి ఎర్తింగు, నేలకు పైన కట్టిన వైరు లేకపోతే తడి రోజున దాన్ని నడపకూడదు.

బెల్టు ఒక పక్కకు జరిగిపోవడం రోజూ వచ్చే తంటా. డ్రమ్ముకు అంటిన మట్టి, వంకరగా నిలబెట్టిన చక్రాలు, ఎప్పుడూ ఒకే అంచున వేసే బస్తాలు దానికి కారణాలు. ముందు శుభ్రం చేసి, యంత్రాన్ని సమంగా నిలబెట్టి, ఆ తర్వాతే కింది డ్రమ్ము బోల్టులను పావు చుట్టు చొప్పున తిప్పాలి. ఇనుప కొక్కెంతో బస్తా లాగే అలవాటు కూడా పోవాలి. కొక్కెం బెల్టులో దిగితే పొడవునా చీలుతుంది.

కూలి లెక్క ఎవరు రాస్తారు

హమాలీకి కూలి బస్తా లెక్కనో క్వింటా లెక్కనో వస్తుంది. యంత్రం వచ్చిన మర్నాడే యజమాని అడిగే మొదటి మాట: శ్రమ తగ్గింది కదా, రేటు తగ్గించుకోండి. హమాలీ సంఘాలు యంత్రాన్ని అనుమానంగా చూడటానికి కారణం ఇదే. అది మొండితనం అనుకోను. పదిమంది గ్రూపులో నలుగురు చాలన్నప్పుడు మిగతా ఆరుగురి పొయ్యి ఎలా వెలగాలో యంత్రం అమ్మేవాడు చెప్పడు.

అయితే రెండో వైపు కూడా చూడాలి. మన రైస్ మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్లలో చాలామంది బీహార్ నుంచి వచ్చినవాళ్లు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో వలస కూలీలంతా సొంతూళ్లకు పోతున్న రోజుల్లో, బీహార్‌లోని ఖగడియా నుంచి మిల్లు కార్మికులను ఎక్కించుకుని ఒక ప్రత్యేక రైలు లింగంపల్లికి వచ్చింది. మన వడ్లు మిల్లు చేరడానికి ఎవరి వీపులు కావాలో ఆ రైలు చూపించింది. ఊళ్లలో ఈ పనికి కొత్తగా వచ్చే కుర్రవాళ్లు తక్కువ. ఉన్నవాళ్ల వయసు పెరుగుతోంది. నడుము పోయిన నలభై అయిదేళ్ల మనిషిని యంత్రం ఇంకో పదేళ్లు పనిలో నిలబెట్టగలిగితే, ఆ పదేళ్ల కూలి అతని ఇంటికి చేరాలి. ఇప్పటిదాకా మోతకు దూరంగా ఉంచిన ఆడవాళ్లకు కూడా కింది కొస దగ్గర, స్విచ్ దగ్గర, లెక్క దగ్గర పూర్తి కూలితో చోటు దొరకాలి.

అందుకని యంత్రం ఎవరిదన్నది నాకు దాని వేగం కంటే ముఖ్యంగా కనిపిస్తుంది. మిల్లరు కొంటే లాభం మిల్లరుకు, కాంట్రాక్టరు కొంటే కాంట్రాక్టరుకు. హమాలీ సంఘమే అప్పు తీసుకుని కొన్నా, ప్రాథమిక సహకార సంఘమో మార్కెట్ కమిటీయో కొని సంఘానికి బస్తా లెక్కన అద్దెకిచ్చినా, తొందరగా ఖాళీ అయిన లారీ వల్ల మిగిలిన సమయం హమాలీలదవుతుంది, వాళ్లు రెండో లారీకి పోగలుగుతారు. ఒప్పందంలో బస్తా రేటు రెండు సీజన్లు తగ్గకూడదని, యంత్రం చెడిపోయిన రోజు మోత రేటు వేరే ఉంటుందని, తాడు లాగి యంత్రం ఆపే హక్కు అక్కడున్న ప్రతి ఒక్కరికీ ఉంటుందని, ఆపినందుకు ఎవరి కూలీ కోయకూడదని రాసుకోవాలి. ఆ కాగితం మీద సంతకాలయ్యాక, ఒక యంత్రాన్ని నాలుగు రోజులు అద్దెకు తెచ్చి, మన సంచులతో, మన లారీలతో, లారీ గేటు దాటిన నిమిషం నుంచి బయటికి పోయే నిమిషం దాకా ఏ పనికి ఎంత సమయం పట్టిందో రాసి చూస్తే, కొనాల్సింది కన్వేయరా, తేమ మీటరా, ఇంకో వేబ్రిడ్జా అన్నది తేలిపోతుంది.